తెల్ల గింజ కోసం బిలాసుపూరు దాకా

మా ముత్తాత జగన్నాథరాజుగారు పార్వతీపురం దగ్గర పన్నెండు ఊళ్ళకు ముఠాదారు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీది వాళ్ళు లేచి నిలబడేవారు. తాత రామభద్రరాజుగారి నాటికి ఊళ్ళు నాలుగయ్యాయి. మా తండ్రిగారి నాటికి ఊళ్ళు పోయి పల్లకీ మిగిలింది. నా వాటాకు వచ్చినవి కొండవాలున ఆరెకరాల చేను, ఒక చిక్కుడు విత్తనం.

పందిరి అక్కరలేని ఆ పొట్టి చిక్కుడును ముత్తాతగారికి ఒక దొర ఇచ్చాడు. గింజల్లో తెల్లవీ నల్లవీ కలిసి ఉంటే, తెల్లవే ఉంచమన్నారు ముత్తాతగారు. అప్పటినుంచి ఏటా మాఘమాసంలో ఆడకూలీలు మా వసారాలో కూర్చుని నల్లవి ఏరి పెంటలో పారేసేవారు. ఏరిన చాటలో ఒక్క నల్లది దొరికినా ఆ మనిషికి ఆ పూట కూలి లేదు. చిన్నప్పుడు బెత్తం పట్టుకుని చాటలు తనిఖీ చేసే పని నాదే. తెల్లవి వెండి పట్టీల టేకు పెట్టెలోకి వెళ్ళేవి. పెంటతోపాటు నల్లవి మళ్ళీ చేలోకి వస్తున్నాయని, తరవాత మా తండ్రిగారు వాటిని పొయ్యిలో పోసి కాల్పించారు. ఇక నల్లది కనిపించలేదు. అది మా ఇంటి ప్రతిష్ఠగా చెప్పుకునేవాళ్ళం.

నాలుగేళ్ళుగా ఆ చేనుకు వేరుకుళ్ళు పట్టింది. జానెడు ఎదగకముందే ఆకు పండుబారుతుంది. పీకితే వేరు ఎర్రగా చివికి ఊడి వస్తుంది. ఈ చలికాలమూ పంట రాకపోతే చేను ఒక కంట్రాక్టరుకు అమ్ముతానని మాట ఇచ్చాను. అంతలో బిలాసుపూరు నుంచి నారాయణ ఉత్తరం వచ్చింది. మా ఇంట గింజలేరిన గవరమ్మకు మనవడు. వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగి. మూడేళ్ళ కిందట ఊళ్ళో పెళ్ళికి వచ్చి గుప్పెడు తెల్ల గింజలు అడిగితే, పాత మనుషులు కదా అని ఇచ్చాను. “తమ చిక్కుడు ఇక్కడ కుళ్ళకుండా నిలిచింది. వచ్చి చూడండి” అని రాశాడు.

మార్గశిరంలో ఒక గురువారం ఉదయం పదింటికి పార్వతీపురంలో ఇంటరు క్లాసు ఎక్కాను. వెళ్ళేవారు తిండి వెంట ఉంచుకోవాలి. కొండల్లోని స్టేషన్లలో నాకు అరటిపళ్ళు తప్ప దొరకలేదు. మర్నాడు తెల్లవారి అయిదున్నరకు రాయపూరు. అక్కడ బండి మారాలి. పూరీలు వేడిగా ఉన్నాయి. బిలాసుపూరు బండిలో ఎదుట కూర్చున్నావిడ ఒక గార్డుగారి భార్య. మాట వింటే మన వైపు మనిషే.

“ఏటి పని మీద బాబూ? డ్యూటీయా?”

“చిక్కుడు చూడటానికి.”

“సిక్కుడుకి రెండ్రోజుల రైలా! అచ్ఛా, మీ ఊళ్ళో సంత ఎత్తేసినారేటి?”

నేను కిటికీ వైపు తిరిగాను.

పదకొండుంపావుకు దిగాను. నౌకరు ఇంట బస చేయడం నాకు కుదరదు గనక సామాను ధర్మశాలలో పెట్టి, టాంగాలో తోర్వా వైపు రైల్వే క్వార్టర్లకు వెళ్ళాను. గవరమ్మ కొడుకు షెడ్డులో ఫిట్టరు. అతను డ్యూటీలో ఉన్నాడు. డెబ్బై దాటిన గవరమ్మ నాకు కుర్చీ వేసి తాను గుమ్మంలో నిలబడింది. నారాయణ పెరట్లోకి దారి తీశాడు.

మురుగు కాలువ పక్కన తడి మడి. మోకాలెత్తు మొక్కలు, గుత్తులుగా కాయలు. నా ప్రాణం లేచి వచ్చింది. ఎండిన కాయ ఒకటి ఒలిచాను. లోపల బొగ్గులాంటి నల్ల గింజలు.

“ఇది మాది కాదు” అన్నాను.

“మీదే బాబూ” అంది గవరమ్మ. “తమరు పారబోయించిందే. నాను కొంగున కట్టుకెళ్ళి వండుకునేదాన్ని. ఈ ఊరొచ్చినపుడు మిగిలినవి ఏసినాను. సాటలో ఒక్క నల్లది దొరికిందని ఓ పూట నా కూలి ఆపేసినారు, గేపకముందా? తనికీ సేసింది తమరే.”

జ్ఞాపకముంది. అయినా వంగి ఇంకో కాయ ఒలిచాను.

నారాయణ పక్క మడి చూపించాడు. నేనిచ్చిన తెల్ల గింజలవి ఎండుపుల్లలు. నేల ఒకటే, నీరు ఒకటే.

“ఈ మట్టిలో కుళ్ళు ఉంది బాబుగారూ, కావాలనే ఇక్కడ వేసినాను. తెల్లవి కొన్ని మంచి మట్టి కుండీల్లో పెంచి, వాటి పువ్వుకి నల్లదాని పుప్పొడి అద్దినాను. పుట్టిన మొక్కలన్నీ నల్ల గింజే కాసినాయి. వాటి పిల్లల్నీ కుండీల్లో పెంచితే నాలుగింట ఒకటి తెల్ల పువ్వు పూసింది. తెల్ల పువ్వుకే తెల్ల గింజ. ఆ తెల్లవాటిని ఈ మట్టిలోకి మారిస్తే రెండు నిలిచినాయి, బస్. మిగతావి కుళ్ళిపోయినాయి.”

“రంగుకీ కుళ్ళుకీ ఏమిటి సంబంధం?”

“కుళ్ళుని ఆపే గుణం నల్లదానిది. అది దాదాపుగా రంగు వెంటే నడుస్తాది. తమరు రంగుని ఏరేసినారు. గుణమూ పోయింది.”

నాలుగు తరాలుగా మేము శుద్ధి అనుకుని చేసిన పని, బతికేదాన్ని ఏరి పారేసి, చచ్చేదాన్ని వెండి పట్టీల పెట్టెలో దాచడం! దానికి నేను బెత్తం పట్టుకుని కాపలా కాశాను. ఆ మాట నాకు చెబుతున్నది మా చాటల్లో గింజలేరిన మనిషి మనవడు.

నారాయణ ఒక పొట్లం, ఒక మూట తెచ్చాడు. “పొట్లంలోవి నిలిచిన రెండు మొక్కల తెల్ల గింజలు. పెంచి పరీక్షించడానికి ఇంకా ఏళ్ళు పడతాది. ఈ ఏడే పంట కావాలంటే మూటలో నల్లవి వెయ్యండి.”

“ఆ తెల్లవాటి ఒంట్లోనూ నల్ల నెత్తురే బాబూ!” గవరమ్మ నవ్వింది. “పెట్టె మైలపడిపోద్ది, సూసుకోండి మరి.”

అక్కడ భోజనం చేయకూడదనుకున్నాను. చేశాను. అన్నం, నల్ల గింజల కూర. ఆ గింజ రుచి నేనెరగడం అదే మొదలు.

మర్నాడు మధ్యాహ్నం రెండింటి బండికి తిరుగు ప్రయాణం. బిలాసుపూరులో చూడదగినవి చాలా ఉన్నాయంటారు. నేను చూసింది రెండు మడులు. కళ్ళు మూసినా అవే కనిపించాయి. రాయపూరులో టిక్కెట్లు చూసే మనిషి మూటలో ఏమిటని అడిగాడు.

“మా ఇంటి విత్తనం” అన్నాను.

అది అరెకరానికి సరిపోయింది. ఫాల్గుణంలో కోశాం. చేను అమ్మలేదు. వెండి పట్టీల టేకు పెట్టె అమ్మేశాను.