సీతాఫలం పెట్టినామె

గుండెలోని కింది గదులు ఉన్నట్టుండి అదుపు తప్పి పరిగెత్తే జబ్బు నాది. వెంట్రిక్యులర్ టాకీకార్డియా అన్నారు డాక్టరు. ఎడమ భుజం దిగువన, చర్మం కింద చిన్న మిషను పెట్టినారు. గుండె మళ్ళీ పరుగందుకుంటే అదే షాకిచ్చి దారికి తెస్తుంది. అది ఎప్పుడు కొడుతుందోనన్న భయంతో పొద్దస్తమానం మణికట్టు పట్టుకొని నాడి చూసుకునేవాణ్ణి.

ఆ రోజు గిద్దలూరు నుంచి మార్కాపురం వచ్చే బస్సులోనూ అదే పని. పక్క సీట్లో సీతాఫలాల గంపతో ఒక పెద్దామె కూర్చోనుంది. కంభం దాటినాక, నా చొక్కా సందులో కుట్లు చూసి అడిగింది.

“ఏంది నాయనా, మిషను పెట్టినారా?”

తలూపినాను. ఆమె పైట కొంచెం జరిపి, తన భుజం దిగువన అట్లాంటి ఉబ్బే చూపించింది.

“ఎప్పుడన్నా కొట్టిందామ్మా?”

“ఒకసారి. గాడిద తన్నినట్టుండె. అది కొట్టబట్టే బతికినావన్నాడు డాక్టరు. కావలికి అదుంది గదా, నువ్వు గూడా మేలుకోనుండేది ఎందుకు?”

గంపలోంచి బాగా మాగిన పండు తీసింది. మణికట్టు మీది నా వేళ్ళు విడదీసి, చేతుల్లో పెట్టింది.

“తిను. దీనికి రెండు చేతులూ కావాల.”

గింజలు కిటికీలోంచి ఊస్తా తిన్నాను. ఆమె ఎక్కడ దిగిపోయిందో గుర్తు లేదు. మార్కాపురం బస్టాండులో, బంకబంకగా ఉన్న చేతులు కుళాయి కింద కడుక్కుంటుంటే తట్టింది, కంభం దాటినాక ఒక్కసారి గూడా నాడి పట్టుకోలేదని.