కొసరుగా మార్చిన స్టిక్

ఎవరూ ముట్టుకోకుండానే తెర మీది చిన్న కూడిక గుర్తు కదిలింది.

ఆటల కంట్రోలర్ బల్ల మీద ఉంది. నా చేతులు నా ఒళ్లో ఉన్నాయి, బావ చేతులు టీ గ్లాసు చుట్టూ ఉన్నాయి. ఆ గుర్తు మాత్రం కంట్రోలర్‌ను పరీక్షించే గడి మధ్యలోంచి మెల్లగా ఎడమకి, కాస్త పైకి జరుగుతూ పోయి మూల దగ్గర ఆగింది.

"ఏందిరా అది?" అన్నాడు బావ.

"స్టిక్ అరిగిపోయుండాది బావా. నడిమధ్య నిలబడదు. పాతబడితే అంతే."

"మీ అక్క గూడా అట్లే కదరా తోలేది. ఎడమకి, పైకి."

అక్క పోయి అప్పటికి ఏడాది. తిరువళ్లూరులో ఆ ఇంట్లోనే, బావ ఫ్యాక్టరీ నుంచి రాగానే ఇద్దరూ పాత కంప్యూటర్ ముందు కూర్చునేవారు. ఉన్నది ఒకే కంట్రోలర్. అక్క కారు తోలేది, బావ పక్కన కూర్చుని దారి చెప్పేవాడు. ఆమెకు పందెం గెలవాలని ఎప్పుడూ లేదు. రోడ్డు దిగి ఎడమవైపు గడ్డిలోకి పోయి, అక్కడ ఏముందో చూసి వచ్చేది. ఆమె తర్వాత ఆ కంప్యూటర్ కూడా పోయింది. బావ కొత్త ల్యాప్‌టాప్ కొన్నాడు. అందులో ఆట ఎక్కింది గానీ, పాత కంట్రోలర్‌ను ఆట గుర్తుపట్టలేదు. దానితో వచ్చిన సీడీ పెట్టడానికి ల్యాప్‌టాప్‌లో చోటే లేదు. పరికరాల జాబితాలో పేరు కనిపిస్తుంది, పరీక్షించే గడిలో గుర్తు కదులుతుంది, ఆటలో మాత్రం కారు కదలదు.

"బామ్మర్దీ, ఆ కారు ఒక్కసారి దీంతో నడిచేట్టు చెయ్యిరా. నిన్ను ఇంకేమీ అడగను."

నేను తిరుత్తణి కొండ కింద పూజసామాన్ల అంగడిలో పెరిగినవాణ్ణి. మా నాయన కొసరు ఇవ్వకుండా ఎవరినీ పంపలేదు, నేను కొసరు అడక్కుండా ఏ అంగడి మెట్లూ దిగలేదు. కంప్యూటర్ల సంగతి నాకు రాదు, బేరం వచ్చు. కంట్రోలర్‌నూ ల్యాప్‌టాప్‌నూ సంచిలో వేసుకుని స్టేషన్ దగ్గరి రిపేరు అంగడికి పోయాను.

"ఇది పళసు అన్నా, బాగా పాతది," అన్నాడు అంగడివాడు. "దీనికి పెట్టే డబ్బుకి కొత్తదే వస్తాది."

"కొత్తది వద్దు. ఇదే పనిచెయ్యాల."

అతను ఒక చిన్న ప్రోగ్రామ్ ఎక్కించాడు. అది పాత కంట్రోలర్‌ను కొత్త రకం కంట్రోలర్ పేరుతో ఆటకు పరిచయం చేస్తుందట. తెలిసినవాళ్ల పేరు చెప్పకపోతే కొత్త ఆఫీసులోకి ముసలాయనను ఎవరు రానిస్తారు! బటన్లు ఒక్కొక్కటే నొక్కి, ఏది ఏమిటో దానికి నేర్పాడు. అరగంటలో కారు కదిలింది. అతను చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టి, రెండుసార్లు మెట్లు దిగి, రెండుసార్లు ఎక్కి, మొత్తానికి దారికి తెచ్చాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"కొసరు ఏమిస్తావు?"

"రిపేరుకు కొసరేందన్నా!" అంటూ నవ్వాడు. "సరే, ఈ ఎడమ స్టిక్ ఒకపక్కకి లాగతా ఉండాది. పీకేసి కొత్తది వేసిస్తా. చాలునా?"

చాలన్నాను. యుద్ధం గెలిచినవాడిలా బావ ఇంటికి పోయాను.

బావ చొక్కాకు చేతులు తుడుచుకుని కంట్రోలర్ పట్టుకున్నాడు. కారు నడిచింది. నేరుగా, రోడ్డు మధ్యన. కాసేపటికి ఆట మూసి, ఆ పరీక్షించే గడి తెరవమన్నాడు. కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి ఇద్దరం చూశాం. గుర్తు నడిమధ్య నిలబడి ఉంది. మా అంగడిలో తక్కెడ ముల్లు అలా నిలబడితే మా నాయన కళ్లకు అద్దుకునేవాడు.

"యాడికి పోయిందిరా?" అన్నాడు బావ.

"బాగుచేయించినా బావా. ఊరికే. కొసరుకి."

బావ తిట్టలేదు. టీ పెడతానని వంటింట్లోకి పోయాడు. ఎంతసేపు విన్నా గిన్నె చప్పుడు రాలేదు.

మరునాడు రిపేరు అంగడి తలుపు తెరిచేసరికి నేను మెట్ల మీద ఉన్నాను.

"నిన్న పీకినావే, ఆ పాత స్టిక్ కావాల. మళ్లా అదే వెయ్యి."

అతను బల్ల కింద నుంచి ఒక డబ్బా తీసి నా ముందు పెట్టాడు. నిండా స్టిక్కులే. అన్నీ నల్లవి, అన్నీ బొటనవేళ్లకు అరిగినవి.

"నీది ఇందులోనే యాడో ఉంటాదన్నా. ఏదైతే ఏమి, అన్నీ లాగేటివే. అందుకే కదా పీకినా."

ఒక్కొక్కదాని మీదా నా బొటనవేలు ఆనించి చూశాను. అక్క గాజుల కొలత నాకు తెలుసు, చెప్పుల కొలత తెలుసు. బేరమాడి కొనిచ్చినవాణ్ణి నేనే కదా. వేలు తెలియదు. చివరికి ఎడమవైపు బాగా అరిగినదాన్ని ఎంచి వేయించాను. అతను అడిగినంతా ఇచ్చేశాను. అనుమానం వచ్చి అతనే నోటును వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

బావ ఇంట్లో గుర్తు కదిలింది. ఎడమకే కదిలింది గానీ పైకి పోలేదు. నేరుగా పోయి గోడకు ఆనుకున్నట్టు ఆగింది. సరుకు మారిన సంగతి గిరాకీ కనిపెడతాడా అని చూసేటప్పుడు అంగడివాడు పెట్టే ముఖం ఒకటుంది. అది నాకు చిన్నప్పుడే అబ్బింది. ఆ ముఖంతో కూర్చున్నాను.

"ఇదేనా?"

"ఇదే బావా. డబ్బా అంతా గాలించి తెచ్చినా."

బావ చాలాసేపు చూశాడు. "ఆ," అన్నాడు. ఆట తెరిస్తే కారు రోడ్డు దిగి గడ్డిలోకి పోయింది. అక్క పోయాక బావ నవ్వడం అప్పుడే చూశాను.

ఇప్పుడు ఆదివారాలు తిరుత్తణి నుంచి లోకల్ రైల్లో పోతుంటాను. బావ ముందుకు పోయే బటన్ ఒక్కటే నొక్కి పట్టుకుంటాడు, స్టిక్‌ను ముట్టుకోడు. కారు తనంతట తానే ఎడమకు లాగుతుంది. ఆ వేలు ఎవరిదో నాకు తెలియదు. ఏ కాలేజీ పిల్లవాడిదో, ఇంకెవరి అక్కదో. వారం వారం వచ్చి మా మధ్య కూర్చుంటుంది.

పోయిన వారం బావ అన్నాడు, "ఆ గుర్తు ముందు పైకి గూడా పొయ్యేది గదరా. ఇప్పుడు ఎడమకే పోయి నిలబడిపోతా ఉండాది."

నేను నా అంగడి ముఖం పెట్టుకున్నాను.

"అలిసిపోయినట్టుందిరా మీ అక్క," అని బటన్ మీది వేలు తీశాడు. కారు గడ్డిలో ఆగింది.