కెమెరా చేతికిచ్చిన దొరసాని

దేశాలు తిరుగుతూ మా ఊరొచ్చిన ఆ దొరసాని, ఎవరి దగ్గరికెళ్ళినా ముందు ఫోటో తీసేది కాదు. వాళ్ళ ఎదురుగా నేలమీద చతికిలబడి, కెమెరా వాళ్ళ చేతుల్లో పెట్టి, అందులోంచి తనని చూడమనేది. నాకది వట్టి నాటకమనిపించింది. ఇప్పటికీ సగం అలాగే అనిపిస్తుంది.

గుంటూరు కాలేజీలో చదివి, ఊళ్ళో ఇంగ్లీషు మాట్లాడగలిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందుకని ఆమెను మా మిరపకల్లానికి నేనే తీసుకెళ్ళాను. అక్కడ మా అత్తగారు రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని నా పెళ్ళి ఫోటోలోనే మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్న మనిషి! ఒప్పుకోదని ముందే చెప్పాను. దొరసాని వింటేనా? ఎండుమిరపకాయల పక్కనే కూర్చుని, ఘాటుకు తుమ్ముతూ కెమెరా అందించింది.

అత్తగారు అందులోంచి చూసి పకపకా నవ్వింది. "ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఎండకి మిరపపండులా అయిపోయావే! ఇంద, ఇక నువ్వు నా ఫోటో తీసుకో."

నాకు ఒళ్ళు మండింది. "మరి ఆయుష్షో, అత్తయ్యా? నా పెళ్ళిలో అంత గొడవ చేశారుగా?"

"అప్పుడు నన్నెవరన్నా అడిగితేగా!"

కొన్నాళ్ళకు ఫోటో పోస్టులో వచ్చింది. అత్తగారు పోయాక మాకు మిగిలింది మొహం కనిపించే ఆ ఒక్క ఫోటోయే. దండ మార్చేది నేనే.

"కోడల్ని చూసి ఎంత ముద్దుగా నవ్వుతోందో!" అంటారు వచ్చినవాళ్ళు.

"నన్ను చూసి కాదు," అంటాను.