పడ్డదని చెప్పు

మంగళవారం ఉదయం ఆరున్నరకు మా మేనత్త చనిపోయింది. గచ్చిబౌలిలో ఆమె పనిచేసిన ఆసుపత్రిలోనే. మెదడులో రక్తనాళం చిట్లిందని డాక్టరు చెప్పారు. అత్త అక్కడి క్షయ పరీక్షల ల్యాబ్‌కు ఇన్‌ఛార్జి. అందుకే ఆ పనికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగాను. లేదన్నారు.

క్రిములతో పనిచేసే మనిషి అలవాట్లు ఇంటిదాకా వస్తాయి. మూసాపేటలో ఇంట్లో కూరగాయలు తరుగుతున్నా సరే, ముఖం మీద పడ్డ జుట్టును అత్త మోచేత్తోనే వెనక్కి తోసుకునేది. ఎవరైనా పెన్ను మూత కొరుకుతుంటే తన మాట మధ్యలో ఆపి మరీ వద్దనేది. పత్రికలో పనిచేసే నేను ఒకసారి ల్యాబ్ చూస్తానని అడిగితే, "మీ పేపరోళ్లు ఏడ వడితే ఆడ ముక్కు పెడ్తరు. నా ల్యాబ్‌ల గట్ల నడ్వది బిడ్డా" అంది. అద్దం బయటి నుంచే చూపించింది.

ఆ ల్యాబ్‌ ఒక మాట మీద నడిచేది. చేతిలోంచి ఏది జారినా "పడ్డది" అని గట్టిగా చెప్పాలి. ఎవరు పడేశారని అక్కడ ఎవరూ అడగకూడదు. ఆ మాట వినగానే అందరూ ఊపిరి బిగబట్టి బయటికి వచ్చి తలుపు మూసేయాలి. గాలిలోకి లేచిన తుంపర్లు సద్దుమణిగాకే, మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లి, మందు పోసి శుభ్రం చేయాలి.

ఇంట్లో ఈ నియమం చెల్లేది కాదు. కాఫీ కప్పు జారినప్పుడు మామ తెలివిగా "పడ్డది" అన్నాడు.

"గది ల్యాబ్‌ల మాట. ఇది నా పింగాణి కప్పు. ఎవరు పడేసిన్రో చెప్పు" అంది అత్త.

కొన్ని వారాల కిందట, కొత్తగా చేరిన టెక్నీషియన్ చేతిలోంచి క్షయ క్రిములు పెంచిన గొట్టం జారి పగిలింది. ఆ అమ్మాయి "పడ్డది" అంది. అందరూ బయటికి వచ్చేశారు. కానీ గొట్టానికి అందరికంటే దగ్గరగా ఉన్నది ఆమే. మర్నాడు మేనేజరు వచ్చారు.

"ఎవరండీ పడేసింది? పేరు చెప్పండి, తీసేద్దాం."

"పడ్డది సార్" అంది అత్త.

"అదేనండి, ఎవరి చేతిలోంచి?"

"పరీక్షలు చేసే డాక్టరుకు పేరు చెప్పిన. మీకు చెప్తే, మల్ల పడ్డనాడు ఎవ్వరు నోరు విప్పరు. సప్పుడు చెయ్యకుంట ఊడ్చేస్తరు. గప్పుడు అందరం పీలుస్తం."

మేనేజరు మళ్లీ అడగలేదు. ఈ సంగతి అత్త నాకెప్పుడూ చెప్పలేదు. బుధవారం మూసాపేటకు వచ్చిన ఆ అమ్మాయే చెప్పింది. అప్పుడు చేసిన రక్త పరీక్షలో ఏమీ లేదట. అయితే క్రిమి ఒంట్లో చేరిందో లేదో కొన్ని వారాలు ఆగి మళ్లీ చేస్తేనే తేలుతుంది. ఆ రెండో పరీక్షకు తోడు వస్తానని అత్త ఆమెకు మాటిచ్చింది.

"ఫికర్ చెయ్యకు, సూది గుచ్చేటప్పుడు నా మొకం చూడు, నవ్వొస్తది అన్నరు మేడమ్" అని ఆ అమ్మాయి నేలకేసి చూస్తూ చెప్పింది.

నేను వస్తానన్నాను. ఆమె తల పైకెత్తింది.

"సరే అన్నా. దవాఖాన గేటు కాడ ఉంట."

సోమవారం తొమ్మిదింటికి రక్తం తీస్తారు. ఫలితం గురువారం వస్తుంది.