అద్దంలో ఆట చూసిన చాచీ

మొన్న ఆదివారం పొద్దున్నే మణుగూరు నుంచి జోగయ్య ఫోన్ చేశాడు. ఎస్టీడీ బూత్ వెనక లారీల మోత. "అక్కా, చాచీ పోయింది" అన్నాడు. తెల్లవారేసరికి నిద్రలోనే పోయిందట. లారీ ఒకటి దాటిపోయాక తనే మళ్ళీ అన్నాడు: "నిన్న సాయంత్రం టీవీల ఆట చూసుకుంట ఎవల్నో మేనేజర్‌ను తిట్టిందట. గట్టిగనే తిట్టిందట అక్కా."

ఏడుస్తూనే నవ్వాను. ఆమెను ఎరిగిన వాళ్ళెవరైనా అలాగే నవ్వుతారు.

చాచీ నాకు చుట్టం కాదు. మణుగూరు బొగ్గు గనుల కాలనీలో మా పక్కింటావిడ. ఆమె భర్త టైలర్. కాలనీ మొత్తానికి ఆయన చాచా, అందుకని ఆమె చాచీ. దుకాణం సరిగ్గా ఫుట్‌బాల్ మైదానానికి ఎదురుగా ఉండేది. చాచా తల వంచుకుని మిషన్ తొక్కేవాడు. చాచీ గుండీలు కుడుతూ తలెత్తి మైదానం చూసేది. ఆమె కుట్టిన గుండీ ఒక్కటీ వంకర పోయేది కాదు, ఆమె కంటిని దాటి బంతి ఒక్కటీ పోయేది కాదు. ఖమ్మంలో ఆమె పుట్టిల్లు కూడా టైలర్ ఇల్లే. ఊళ్ళో జట్లకు బనియన్లు కుట్టే తండ్రి వెంట చిన్నప్పటి నుంచి మైదానాల చుట్టూ తిరిగిందట.

మా ఆయన గనిలో ఫిట్టర్. పెళ్ళయి వైరా వైపు నుంచి నేను ఆ కాలనీకి కాపురానికి వెళ్ళిన సాయంత్రం లారీలోంచి సామాన్లు దింపుతున్నాం. ఎక్కడో జనం అరుపులు, ఈలలు. గొడవేమో అని భయపడ్డాను. అంతలో పక్కింట్లోంచి ఒకావిడ దుపట్టా సర్దుకుంటూ ఉరికొచ్చి నా చేయి పట్టుకుంది.

"రా బిడ్డా, జల్దీ రా!"

"సామాన్లున్నయి కదండీ..."

"సామాన్లు యాడికి పోవు. సెకండాఫ్ పోతది!"

అలా కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించక ముందే నేను ఫుట్‌బాల్ చూశాను. అందరూ బంతి వెంట కళ్ళు తిప్పుతున్నారు, నేనూ తిప్పాను. చాచీ నా గడ్డం పట్టుకుని ఇంకో వైపు తిప్పింది. "బంతిని అందరు చూస్తరు. బంతి లేనోడు ఏడికి ఉరుకుతుండో చూడు. ఆట ఆడ ఉంటది." ఆ మాట నాకు ఫుట్‌బాల్‌లోనే కాదు, అత్తగారింట్లో కూడా పనికొచ్చింది.

మా గని జట్టులో ఆ రోజుల్లో అందరి ప్రాణం జోగయ్య. అడవిలోపలి కోయ గూడెం నుంచి వచ్చి గనిలో కాంట్రాక్టు కూలీగా చేసేవాడు. ఎడమ కాలితో బంతి అందుకుని మైదానం అంచున ఉరికాడంటే చూసేవాళ్ళు కూడా అంచున నిలబడి అతనితో పాటు ఉరికేవాళ్ళు. చాచీ కూర్చున్న చోటు నుంచే కేక వేసేది: "ఉరుకు బిడ్డా, ఉరుకు! ఎనకకు చూడకు!" ఆమె కేక వినిపిస్తే కాలికి బలం వస్తుందని జోగయ్య అనేవాడు.

అటువంటి జట్టుకు కొత్త మేనేజర్ వచ్చాడు. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. వచ్చిన కొన్నాళ్ళకే జోగయ్యను ముందు వరసలోంచి తీసి గోల్‌కీపర్ ముందు బ్యాక్‌గా నిలబెట్టాడు. "నువ్విక్కడే ఉండు, గీత దాటొద్దు" అన్నాడట.

కాలనీ అట్టుడికిపోయింది. క్యాంటీన్‌లో, షిఫ్టు బస్సులో, నల్లా దగ్గర అదే మాట. ఒక ఆట సున్నా సున్నా. ఇంకో ఆట సున్నా సున్నా. జోగయ్య గోల్ ముందు కాపలా నిలబడి, కాలి దగ్గరికి వచ్చిన బంతిని ముందుకు తన్ని ఊరుకునేవాడు. మేనేజర్ స్కూటర్ సీటు మీద ఎవరో సుద్దతో తాబేలు బొమ్మ గీశారు. ఆయన జేబురుమాలుతో తుడుచుకుని, ఏమీ అనకుండా ఎక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు ఇంకా పెద్ద తాబేలు గీశారు.

ఆయన ప్యాంటు అంచు మడిపించుకోవడానికి దుకాణానికి వచ్చిన రోజున చాచీ ఊరుకోలేదు.

"సార్, ఉరికే గుర్రాన్ని గడప కాడ కట్టేస్తిరి. కాపలాకు గుర్రమెందుకు?"

"గెలవడం కంటే ముందు ఓడకుండా ఉండటం నేర్చుకోవాలి కదండీ" అన్నాడాయన.

"ఓడొద్దంటే ఇంట్లనే కూసుంటం గద సార్! ఆడుడెందుకు?"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. చాచా మాత్రం "చుప్" అన్నట్టు భార్య వైపు చూశాడు. మేనేజర్ ప్యాంటు మడిచి సంచిలో పెట్టుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. అప్పటి నుంచి మేనేజర్ మీద తిరుగుబాటుకు చాచీయే నాయకురాలు.

గనుల టోర్నమెంట్ సెమీఫైనల్ రోజున ఆమె చెప్పినట్టే అందరం మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాం. ఆడవాళ్ళం, మగవాళ్ళం, షిఫ్టు దిగి మసి కడుక్కోకుండా వచ్చినవాళ్ళు, అందరం. ఆటగాళ్ళకు కనిపించేవి మా వీపులే. అయితే ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మనిషి ఎంతసేపు అలా కూర్చోగలదు? కాసేపటికి చాచీ దుపట్టా చాటున ఏదో తళుక్కుమంది. చూస్తే దుకాణంలో గిరాకీల కోసం గోడకు వేలాడదీసే అద్దం! దాన్ని భుజం ఎత్తున పట్టుకుని వెనక జరిగే ఆటంతా చూస్తోంది. పది మంది ఆమె చుట్టూ మూగారు.

"ఏమైంది చాచీ?"

"మనోళ్ళు కుడి దిక్కు పోతుండ్రు... కాదు కాదు, ఎడమ దిక్కు! ఈ అద్దం పాడుగాను, అంతా ఉల్టా చూపిస్తది!"

ఇంతలో మా ఆటగాళ్ళ కేకలు. గోల్ పడింది. ఎవరు కొట్టారో ఎవరికీ తెలియదు, మేమంతా వీపులు పెట్టుకుని ఉన్నాం! చాచీ అద్దం నా ఒళ్ళో పడేసి లేచి ఎగిరింది. ఆ పూటకు తిరుగుబాటు అంతటితో సరి. అందరం తిరిగిపోయి గొంతులు పోయేలా అరిచాం. గెలిచి ఫైనల్‌కు చేరాం. అయినా కోపం తగ్గలేదు. "జోగయ్య ముందుంటే నాలుగు పడేటియి" అన్నారు. ఫైనల్ కొత్తగూడెం జట్టుతో, మా మైదానంలోనే. ఆట మొదలయ్యే ముందు అందరూ వెళ్ళి మైదానం మధ్యలో కూర్చోవాలనీ, మేనేజర్‌ను తీసేస్తేనే లేవాలనీ నిర్ణయించారు. ఆ ఉపాయం కూడా చాచీదే.

ఫైనల్ ముందు రోజు మధ్యాహ్నం నేను జాకెట్టు కొలతలకు దుకాణంలో ఉన్నాను. చాచా నమాజుకు వెళ్ళాడు. జోగయ్య వచ్చి నన్ను చూసి తటపటాయించాడు. "మన బిడ్డనే, చెప్పు" అంది చాచీ. అతను ప్యాంటు మోకాలి పైకి లాగాడు. కుడి మోకాలు కుండలా వాచి ఉంది.

"దీనికి గట్టి గుడ్డతోని పట్టీ కుట్టియ్యి చాచీ. ఎవలకూ చెప్పకు. సార్‌కు ఒక్కనికే ఎరుక."

విషయం అప్పుడు తెలిసింది. గనిలో మోకాలికి దెబ్బ తగిలింది. కొన్నాళ్ళు ఉరకకుండా ఉంటే మానుతుంది, ఉరికితే కాలు పోతుందన్నాడు డాక్టర్. ఆటగాళ్ళకు ఇచ్చే పర్మనెంట్ నౌకరీల జాబితాలో జోగయ్య పేరు ఉంది. ఈ టోర్నమెంట్ అయ్యేదాకా జట్టులో ఆడుతూ ఉండాలి. దెబ్బ సంగతి బయటపడితే ఆ పేరు కొట్టేస్తారు. అందుకే మేనేజర్ అతణ్ణి ఉరికే పని లేని చోట నిలబెట్టాడు.

"మీరంత సార్‌ను తిడుతుంటే నేనే చెప్పబోయిన చాచీ. 'నన్ను తిడితే నాకేం కాదు, నువ్వు నోరు తెరిస్తే నీ బతుకు పోద్ది' అన్నడు."

చాచీ చేతిలో కత్తెర ఆగిపోయింది. అతను వెళ్ళాక పట్టీ గుడ్డ కత్తిరిస్తూ అంది: "ఎన్ని మాటలన్న బిడ్డా ఆ మనిషిని! ఒక్కదానికి గూడ తిరిగి అనలే. ఇగ ఇన్ని రోజులు నా నోరు తెరుసుడే చూసిండ్రు అందరు. మూసుకునుడు వస్తదో రాదో రేపు చూద్దం."

మర్నాడు మైదానం కిక్కిరిసింది. చెట్ల మీద, లారీల మీద, నీళ్ళ ట్యాంకు మెట్ల మీద మనుషులు. "మేనేజర్ దిగిపో!" అని అరుస్తూ జనం మైదానం మధ్యకు కదిలారు. వాళ్ళకు ఎదురుగా చాచీ చేతులు చాచి నిలబడింది.

"ఆగుండ్రి. ఇయ్యాల ఆట కానియ్యుండ్రి."

"గదేంది చాచీ? నువ్వేగా కూసుందమన్నవ్!"

"అవ్, నేనే అన్న. ఇప్పుడు వద్దంటున్న."

"ఎందుకు?"

ఆమె చాచిన చేతులు దించలేదు. గుంపులోంచి ఒకడు అరిచాడు: "జట్టు బనియన్లు కుట్టే పని ఇస్తనన్నడేమో మేనేజరు!" నవ్వులు, ఈలలు. జీవితమంతా సూటిగా మాట్లాడిన మనిషి మీద అంత మాట పడింది. ఆమె ముఖం ఎర్రబడింది. నాకైతే నిజం గొంతు దాకా వచ్చింది. ఆమె నా మణికట్టు గట్టిగా నొక్కింది.

"ఏమన్న అనుకో బిడ్డా" అంది వాడితో. "నీ ఇష్టం. ఆట మాత్రం కానియ్యి."

గొణుక్కుంటూ జనం వెనక్కి తగ్గారు. ఆట మొదలైంది.

అటువంటి ఆట నేను మళ్ళీ చూడలేదు. కొత్తగూడెం వాళ్ళు మా గోల్ మీదికి అలలు అలలుగా వచ్చారు. బంతి ఒకసారి గోల్ కర్రకు తగిలి, ఒకసారి మా కీపర్ ఛాతీకి తగిలి తిరిగింది. జోగయ్య కదలకుండా నిలబడి తలతో, ఛాతీతో, ఎడమ కాలితో ఆపుతూనే ఉన్నాడు. సున్నా సున్నా. రెఫరీ గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు బంతి జోగయ్య కాలికి చిక్కింది. ఎదురుగా దగ్గర్లో ఎవరూ లేరు.

అతను ఉరికాడు.

జనం అంతా ఒక్కసారి లేచారు. "జోగయ్యా! జోగయ్యా!" అడవి దాకా వినిపించి ఉంటుంది. ఒకణ్ణి తప్పించాడు, ఇంకొకణ్ణి తప్పించాడు. "ఆగు! ఇచ్చేయ్!" అని గీత అవతల నుంచి మేనేజర్ చేతులు ఊపుతున్నాడు. "చూడు, ఇప్పుడు గూడ ఆపుతుండు!" అని జనం ఆయన్ను బూతులు తిట్టారు. ఆయన గొంతు ఆ హోరులో ఎవరికి వినపడుతుంది?

నా పక్క నుంచి ఇంకో కేక లేచింది. ఎప్పుడూ "ఉరుకు" అని తప్ప అనని గొంతు.

"ఇచ్చెయ్ రా బిడ్డా! ఇచ్చెయ్! నీ అమ్మ లెక్క చెప్తున్న, ఇచ్చెయ్!"

జోగయ్య తల ఒక్క క్షణం మా వైపు తిరిగింది. సగం మైదానంలో ఆగాడు. ఎడమ కాలితో బంతిని అవతలి అంచుకు పంపాడు. అక్కడ ఒంటరిగా పరుగెత్తుతున్న మా జట్టు పొట్టి వెంకటి దాన్ని అందుకుని గోల్‌లోకి తన్నాడు. వాడు అటు ఉరకడం అప్పటిదాకా ఎవరూ చూడలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చెప్పలేను. ఎవరో నా మీద పడ్డారు, నేను ఎవరి మీదో పడ్డాను. మా ఆయన మా అత్తగారిని ఎత్తి గిరగిరా తిప్పాడు. చాచా దుకాణం తలుపులు తెరిచే వదిలి టేపు మెడలో వేసుకుని మైదానంలోకి ఉరికాడు. చాచీ మాత్రం కింద కూలబడి జోగయ్య నడక చూస్తోంది. కుంటడం లేదని తేల్చుకున్నాక రెండు చేతులతో ముఖం కప్పుకుని పెద్దగా ఏడ్చింది.

గెలిచినా మేనేజర్‌ను ఎవరూ మెచ్చుకోలేదు. "ఆయన ఆపకుంటే జోగయ్యనే కొట్టేటోడు" అన్నారు. ఆరు నెలలకు బదిలీ అయితే కాలనీలో మిఠాయిలు పంచుకున్నారు. బస్టాండుకు వెళ్ళింది చాచీ, నేను, జోగయ్య, అంతే. అప్పటికి అతని చేతికి నౌకరీ కాగితం వచ్చింది, మోకాలు కూడా మానింది.

"సార్, మిమ్మల్ని తిట్టిన తిట్లన్ని వాపస్ తీసుకుంటున్న" అంది చాచీ. "ఒక్కటి తప్ప."

"ఏదండీ అది?"

"ఓడొద్దని ఆడుడు. అది మాత్రం తప్పే సార్."

ఆ మనిషి నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి. బస్సు మెట్ల మీద నిలబడి, కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు.

కొన్నేళ్ళ తర్వాత జోగయ్యే అసలు సంగతి క్యాంటీన్‌లో అందరికీ చెప్పాడు. ఆ రోజు చాచీని ఎగతాళి చేసినవాడు దుకాణానికి వచ్చి తల దించుకుని నిలబడితే, ఆమె అతనికి చాయ్ పోసింది. "నువ్వు తిట్టినవంటే ఆట మీద పానం ఉన్నట్టు. పానం లేనోడు తిడతడా?" అంది.

మేము ఖమ్మం వచ్చేశాక కూడా నేను ఏడాదికోసారి ఆమెను చూసి వచ్చేదాన్ని. ఆదివారం కబురు విని బస్సెక్కి పోయేసరికి మట్టి ఇవ్వడం అయిపోయింది. జోగయ్యా, పొట్టి వెంకటీ జనాజాకు భుజం పట్టారట. చాచా గుమ్మంలో కూర్చుని వచ్చిన వాళ్ళందరికీ ఆమె ఆఖరి తిట్టు చెబుతున్నాడు.

నాకు మాత్రం పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నమే కళ్ళలో ఉంది. నేను వెళ్ళేసరికి చాచీ మంచం మీద నిద్రపోతోంది. లేపొద్దని చాచాతో అన్నాను. కిటికీలోంచి పిల్లల ఆట అరుపులు వస్తున్నాయి. ఎవడో బంతిని గట్టిగా తన్నిన చప్పుడైంది. ఆమె కళ్ళు తెరవలేదు. దుప్పటి కింద ఆమె కుడి కాలు మాత్రం ఒక్కసారి ముందుకు కదిలి, మెల్లగా వెనక్కి వచ్చి ఆగింది.