గొంతుకు లేచిన నీళ్లు

“పెద్దబాపు పోయిండక్కా. పొద్దున చాయ తాగి కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు,” అని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో ఆఫీసుకు పోయే బస్సు కోసం నిలబడి ఉన్నాను. అది వదిలేసి, పెద్దబాపు ఊరికి పోయే చొప్పదండి బస్సు ఎక్కాను.

ఆయన మా బాపుకు అన్న. పెళ్లిళ్లకు, పండుగలకు మైక్‌సెట్ కిరాయికి ఇచ్చే దుకాణం నడిపేవాడు. ఏళ్ల తరబడి పెద్ద స్పీకర్ బాక్సుల పక్కన నిలబడి చెవులు దాదాపు పోయాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టేవాడు. రిపేరు చేసిన బాక్సును కూడా కళ్లతోనే పరీక్షించేవాడు. దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, పైన స్టీలు పళ్లెంలో పలచగా నీళ్లు పోసి, ఒకే తీరు హోరు పెట్టేవాడు. కొంతసేపు నీళ్లు అద్దంలా ఉంటాయి. సౌండ్ ఇంకాస్త పెంచగానే, గళ్ల దుప్పటి పరిచినట్టు పళ్లెం నిండా గళ్లు లేచి నిలబడతాయి. చిటికెడు పసుపు చల్లితే అది సుడులు కట్టి మెల్లగా తిరుగుతుంది. పళ్లెం అదిరేది కిందికీ మీదికే. పసుపును చుట్టూ తిప్పుతున్నదేమిటో కనబడదు.

ఒకసారి నూనె పోసి చూశాను. అంత సౌండుకూ కదలలేదు.

“చిక్కటిది బిడ్డా, ఓర్సుకుంటది. నీళ్లు ఓర్వయి,” అన్నాడు.

నిరుడు ఎండాకాలం నేను అక్కడ ఉండగా, వెనక వాడకట్టు నుంచి ఒకామె వచ్చింది. భర్త దుబాయిలో గుండె ఆగి చనిపోయాడు. ఆయన రికార్డు చేసి పంపిన మాటలు ఆమె ఫోన్‌లో ఉన్నాయి గానీ స్పీకర్ పాడై వినపడటం లేదు. పెద్దబాపు ఫోన్‌ను బాక్సుకు తగిలించాడు. పైనున్న పళ్లెం తీయడం మరిచిపోయాడు.

“తిన్నవా? పిల్లగాడు బడికి పోతుండా? జర పైలం,” అంది ఆ గొంతు. ఒక్కో మాటకూ నీళ్లు జలదరించాయి. ఆమె చూపు అక్కడే ఆగిపోయింది.

మరునాడూ వచ్చింది. తర్వాత రోజూ వచ్చింది. ఆ దుకాణంలో చనిపోయినోళ్లు పలుకుతున్నారని మాట పుట్టింది. పెద్దమ్మ భయపడి పళ్లెం దాచిపెడితే, ఆమె గడపలోనే కూలబడిపోయింది. ఆ రోజూ నేనున్నాను.

పెద్దబాపు పళ్లెం తెప్పించి నీళ్లు పోసి పసుపు చల్లాడు. తానే మైకు పట్టి “ఊఁ” అన్నాడు. నీళ్లు లేచాయి.

“చూసినవా బిడ్డా, ఎవలు మాట్లాడినా గిట్లనే లేస్తయి. గీ నీళ్లల్ల ఆయన లేడు.”

“ఎవలు మాట్లాడినా లేస్తే, ఆయనకు గూడ లేసినట్టే గద మామా.”

ఆయన ఆమె ఫోన్‌ను బాక్సుకు తగిలించాడు. మాటలైపోయాయి. నీళ్లు చదునయ్యాయి. పసుపు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

“ఇంక ఉన్నడా?” అంది ఆమె.

గొంతు ఆగిందో లేదో తెలియక పెద్దబాపు నా వైపు చూశాడు. ఆగిందని సైగ చేశాను. అయినా ఆయన పళ్లెం ఎత్తలేదు. “ఆగనియ్యి,” అని ఆమె పక్కన కూర్చున్నాడు. పసుపు పూర్తిగా నిలిచేదాకా ముగ్గురం చూశాం. ఆ తర్వాత ఆమె రావడం తగ్గింది. మళ్లీ బీడీలు చేస్తోందని పెద్దమ్మ చెప్పింది. ఒకరి దుఃఖాన్ని మధ్యలో ఎత్తి పక్కన పెట్టకూడదని నాకు నేర్పింది ఆయనే.

దహనం అయి ఇంటికి వచ్చేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది.

“మామ గొంతు నీ ఫోన్ల ఉన్నదా అక్కా?”

ఉంది. వినపడదు గనుక ఆయన కాల్ చేయకుండా మాట రికార్డు చేసి పంపేవాడు. “ఎప్పుడొస్తవ్ బిడ్డా” అన్నది పెట్టి ఇచ్చాను.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకుంది. రెండో చేయి ముందుకు చాచి, అరచేయి వెల్లకిలా, ఏదో తొణకకుండా పట్టుకున్నట్టు నిలిపింది. మాట అయిపోయింది. ఆమె ఆ ఖాళీ అరచేతిలోకి తలవంచి చూస్తూనే ఉంది.