కాలువకి వంకర తెచ్చిన చెంబు

చెంబు మామయ్యకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎక్కడ అడుగుపెట్టినా చెంబెడు నీళ్ళు కింద పోసి, అవి ఎటు పారతాయో చూస్తే గాని ఆయనకి స్థిమితం ఉండదు. పెళ్ళైన కొత్తలో అత్తవారింటి హాల్లో పోశాడు. చెల్లెలికి ఆడపిల్ల పుట్టిందని చూడ్డానికి వెళ్ళి ఆస్పత్రి వరండాలో పోశాడు. నర్సు జారిపడింది. "వరండా గుమ్మంవైపు వాలింది, గమనించారా?" అని ఆవిణ్ణి లేపుతూ అడిగాడట. గేటు చప్పుడైతే చాలు, భార్య తుడిచే గుడ్డ పట్టుకుని ఎదురొచ్చేది.

ఆ పుట్టిన పిల్లే పెరిగి, సర్వే చదువుకుని, పోయి పోయి మామయ్య కిందే ఉద్యోగంలో చేరింది. బొగ్గు తవ్వడం అయిపోయిన గనిని మట్టితో పూడ్చి, ఆ నేల మీద మళ్ళీ కాలువలు తీసి, ఎవరి పొలం వాళ్ళకి అప్పగించే పని. మామయ్య అక్కడ ఇంజనీరు. ఆఫీసులో సార్ అనాలి, ఇంట్లో మామయ్యా అనాలి. కంగారు పుడితే రెండూ కలిసి "సార్ మామయ్యా" అని నోట్లోంచి ఊడిపడేది. చేరిన దగ్గర్నుంచి ఆ అమ్మాయికి కంగారు పుట్టని పూట లేదు.

మొదటి మీటింగులోనే పెద్దాఫీసరు బల్ల పక్కన మామయ్య చెంబు వంచేశాడు. నీళ్ళు సరాసరి ఆఫీసరు బూట్ల కిందికి వెళ్ళాయి.

"ఏంటయ్యా ఇది?"

"నేల ఇటు వాలింది సార్."

"వాలితే వాలనీ! నా బూట్లేం చేశాయి?"

అప్పట్నుంచి మామయ్య గదిలోకి వస్తే ఆఫీసరు కాళ్ళు రెండూ ఎత్తి కుర్చీ మీద పెట్టుకుని మాట్లాడేవాడు. చూసేవాళ్ళకి పెద్దాయనకి మోకాళ్ళ నొప్పులేమో అనిపించేది.

మేనకోడలు ఎంతో ముచ్చటపడి కాగితం మీద కాలువ గీసింది. చెరువు దగ్గర మొదలై చివరిపొలం దాకా గీత గీసినట్టు సూటిగా వెళుతుంది. మామయ్య నకషా తిప్పి చూశాడు, బోర్లించి చూశాడు. బాగుందన్నాడు. దాని మీద మాత్రం నీళ్ళు పోయలేదు. అదే పెద్ద మెప్పు అనుకుని ఆమె పొంగిపోయింది.

చిక్కు చివరిపొలం దగ్గర వచ్చింది. అది ఓ పెద్దమ్మది. కళ్ళు ఆనవు, నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది. పూడ్చిన నేలలో అటూ ఇటూ నాలుగడుగులు వేసి, "ఇది నా పొలం కాదు" అని తేల్చేసింది.

"నీదే పెద్దమ్మా! పాత హద్దులు చూసి, కొలిచి మరీ రాళ్ళు పాతాం" అంది మేనకోడలు.

"కొలతలు నీ దగ్గరే ఉంచుకో తల్లీ. నా కాళ్ళకి తెలీదా? ఇది ఇంకెవరిదో."

నీళ్ళు వదిలే రోజుకి ఆమె ఒప్పుకోకపోతే ఆ నేల చెక్కలో సరుగుడు తోట వేసేస్తామని ఆఫీసరు కబురుపెట్టాడు. "వేసుకోమను. పరాయి పొలం నాకెందుకు?" అంది పెద్దమ్మ. అంటూనే మర్నాడు పొద్దున్నే పార భుజాన వేసుకుని అక్కడికే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కాదన్న పొలానికి రోజూ ఎందుకొస్తుందో మేనకోడలికి అర్థం కాలేదు గాని, ఆ వట్టి నేలలో పార పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తే మనసు చివుక్కుమనేది.

మామయ్య వాదించలేదు. "పెద్దమ్మా, నీళ్ళు పెట్టేటప్పుడు ఎటు తిరిగి నిలబడేదానివి?" అని అడిగాడు.

"ఎటేమిటి? సూర్యుడికేసి. ముఖానికి వెచ్చగా ఉంటుంది."

ఇక చూడాలి ఆయన వాలకం. చెప్పులు విడిచి, తూర్పుకి తిరిగి, కళ్ళు మూసుకుని, పాదాల పక్కన చెంబు వంచుకోవడం. నీళ్ళు కుడివైపు నుంచి వచ్చి పాదాన్ని తాకగానే తల అడ్డంగా ఊపడం. ఓ జానెడు జరగడం. మళ్ళీ వంచడం.

"సార్ మామయ్యా, ఏం చేస్తున్నారు?"

"తెలిస్తే చెప్పనూ?" అన్నాడాయన, కళ్ళు తెరవకుండానే.

నాలుగు రోజులకి కాలువ తవ్వే ప్రొక్లెయిన్ డ్రైవరు లబోదిబోమంటూ వచ్చాడు. "అమ్మా, సారు నిన్న కాలువ ఎడమకి తిప్పమన్నారు. తిప్పాను. ఇవాళ ఇంకా ఎడమకి అంటున్నారు. ఇలా తిప్పుకుంటూ పోతే మళ్ళీ చెరువులోకే పోతామమ్మా!"

మేనకోడలు పరిగెత్తుకెళ్ళి చూసింది. ఆమె సూటి కాలువ చివర్లో పొలాన్ని చుట్టి, వంకీ ఉంగరంలా మెలిక తిరిగింది. పొలాన్ని కూడా మళ్ళీ చదునుచేసి, వాలు అటునుంచి ఇటు మార్చేశారు.

"నా గీతలో తప్పేముంది?" ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"ఏ తప్పూ లేదు. ఏదీ, నీ యంత్రం పెట్టి ఈ వంపులో లెవలు చూడు. నీళ్ళు ఎక్కడా ఆగకూడదు. అది నా చెంబు వల్ల కాదు."

తప్పు లేనప్పుడు మార్చడం దేనికి? పిచ్చి ముదిరిందా? ఇంటికెళ్ళి అత్తయ్యని అడిగితే, "నన్నడక్కు, నేను తుడవడం వరకే" అంది. మేనకోడలు సణుక్కుంటూనే లెవలు చూసింది, తేడా ఉన్నచోట రెండోసారి తవ్వించింది.

నీళ్ళు వదిలే పొద్దు వచ్చింది. ఆఫీసరు బూట్లు మెరిపించుకుని వచ్చాడు. పెద్దమ్మ పొలంలో ముఖం ముడుచుకుని, సూర్యుడికేసి తిరిగి, పార ఆనించి నిలబడింది. నీళ్ళు మెలిక తిరిగి, బుడబుడమంటూ మడిలోకి వచ్చి, ఆమె ఎడమ పాదాన్ని తడిపాయి.

పెద్దమ్మ ఉలిక్కిపడింది. ఆ వెంటనే ఎవరో చెప్పినట్టు పార లేచింది. రెండు పోట్లలో గట్టు తెగింది, నీళ్ళు పక్క మడిలోకి మళ్ళాయి. తడుముకోలేదు, వంగి చూడలేదు.

"ఎడమ కాలు తడిస్తే మొదటి మడి నిండినట్టు" అంది, ఎవరితోనో తెలియకుండా. "కళ్ళు మందగించాక అలాగే కదా నీళ్ళు పెట్టుకున్నాను. కుడివైపు నుంచి వాలు పెట్టి నాదంటే నేనెలా నమ్మను? ఇది నాదే. నా పొలమే." తర్వాత గొంతు పెంచి, "ఎవర్రా నా పొలంలో గట్టు ఇంత లావుగా పోసింది? బుద్ధుందా?" అని మొదలుపెట్టింది. అది వినగానే మేనకోడలి గుండె తేలికపడింది. ఆ తిట్టు సొంతదారు తిట్టు.

ఆఫీసరుకి మాత్రం మెలికే కనిపించింది. "నకషాలో సూటిగా ఉన్న కాలువకి ఈ వంకరేమిటయ్యా? ఎవరిని అడిగి తిప్పావు?"

మామయ్య చెంబు వీపు వెనక్కి దాచుకోబోయాడు. అంతే, మేనకోడలు ఆయన చేతిలో చెంబు లాక్కుని, కాలువలో ముంచి, ఆఫీసరు బూట్ల ముందు వంచేసింది.

"నేల ఇటు వాలింది సార్!"

ఆఫీసరు ఎగిరి గట్టు మీదికి గెంతాడు. కుర్చీ లేదు గనక ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆ కంగారులో అడిగిన ప్రశ్న మరిచిపోయాడు.

మామయ్య ఖాళీ చేతులకేసీ, చెంబుకేసీ, మేనకోడలికేసీ మార్చి మార్చి చూశాడు. ఏం జరుగుతోందో ఆయనకి అర్థమైనట్టు లేదు.

"అటు నిజంగానే వాలిందంటావా?" అన్నాడు మెల్లగా.

"తెలిస్తే చెప్పనూ?" అంది మేనకోడలు.